ఒక కంప్యూటరు, రెండు తెలుగులు

తెలుగు ప్రచురణ రంగం ఇరవై ఏళ్ళుగా డ్యూయల్ బూట్ మీద బతుకుతోంది. ఎగతాళికి అనడం లేదు. ఒకే కంప్యూటర్లో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు పెట్టుకుని, ప్రింటు పనికి ఒకటి, నెట్ పనికి ఇంకొకటి తెరిచే డీటీపీ షాపులు నిజంగానే ఉన్నాయి. మా శ్రీరాంపూర్‌లో ఒక షాపుకి ఆ ఏర్పాటు చేసిపెట్టింది నేనే. సెలవులకు ఇంటికొచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంజినీరుకి ఊళ్ళోవాళ్ళు చెప్పే పని అదే కదా!

ఆ షాపులో ఉన్నది విండోస్ ఎక్స్‌పీ. 2014 ఏప్రిల్ 8తో మైక్రోసాఫ్ట్ దాన్ని పట్టించుకోవడం మానేసింది. కొత్త బ్రౌజర్లు దాని మీద నడవవు, ఆన్‌లైన్ ఫారాలు తెరుచుకోవు. అయినా అన్న దాన్ని వదలడు. అందులో పేజ్‌మేకర్ ఉంది, అను ఫాంట్లున్నాయి, ఏళ్ళ తరబడి కొట్టిన ఫైళ్ళున్నాయి. పెళ్ళిపత్రికలు, యూనియన్ కరపత్రాలు, రిటైరైన కార్మికులు సొంత డబ్బుతో వేసుకున్న కథల పుస్తకాలు, పాటల పుస్తకాలు. "తమ్మీ, పాతది మాత్రం ముట్టకు. అది పోతే నా పొట్ట కొట్టినట్టే" అన్నాడు.

ముట్టలేదు. ముందు ఫైళ్ళన్నీ వేరే డిస్కులోకి కాపీ చేసి, ఖాళీ జాగా విడగొట్టి, అక్కడ లైనక్స్ వేశాను. మెషీన్ ఆన్ చేయగానే గ్రబ్ అనే చిన్న ప్రోగ్రామ్ ఏది కావాలని అడుగుతుంది. ఇందులో చిక్కులు లేకపోలేదు. రేపెప్పుడైనా ఎక్స్‌పీని మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తే, అది బూట్ రికార్డును తన పేర రాసేసుకుంటుంది. లైనక్స్ డిస్కులో క్షేమంగానే ఉంటుంది గానీ దానికి దారి కనబడదు. గడియారంతో ఇంకో తంటా. మదర్‌బోర్డు మీది గడియారంలో ఉన్నది మన టైమే అనుకుంటుంది ఎక్స్‌పీ, యూటీసీ అనుకుంటుంది లైనక్స్. పట్టించుకోకపోతే అటూ ఇటూ మారినప్పుడల్లా ఐదున్నర గంటల తేడా వస్తుంది. ఒక్క కమాండుతో ఆ తగువు తీరిపోతుంది.

ఇవన్నీ సర్దుకునేవే. సర్దుకోనిది ఒకటుంది. ఫోటోలు ఎక్స్‌పీ నుంచి లైనక్స్‌కి దాటతాయి, పాటలు దాటతాయి, లెక్కల ఫైళ్ళు దాటతాయి. తెలుగు దాటదు. పేజ్‌మేకర్లో ఉన్న కథను కాపీ చేసి ఇటు అతికిస్తే, ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసిన చెత్త వస్తుంది.

తప్పు ఎక్స్‌పీది కాదు. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికింది. ఎక్స్‌పీలోనే గౌతమి అనే యూనికోడ్ ఫాంటు ఉంది. యూనికోడ్ తెలియనిది పేజ్‌మేకర్‌కి. అందుకే అను ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల గళ్ళలో తలకట్టులు, గుడులు, కొమ్ములు, వత్తులు ముక్కలు ముక్కలుగా సర్దుకున్నాయి. కంటికి అది 'అమ్మ'. కంప్యూటరు దృష్టిలో మాత్రం ఏవో లాటిన్ గుర్తులు. ఆ ఫాంట్లను తిట్టడం కృతఘ్నత అవుతుంది. తెలుగు తెరమీద కుదురుగా నిలబడని రోజుల్లో మన పుస్తకాలను అవే మోశాయి.

నా పేచీ ఇవాళ కూడా "నడుస్తోంది గదా, ప్రెస్సువాళ్ళు ఇదే అడుగుతారు" అనే ప్రచురణకర్తలతో. ఇన్‌డిజైన్ 2012లోనే యూనికోడ్ తెలుగును సరిగ్గా పేర్చడం నేర్చుకుంది. పైసా ఖర్చులేని స్క్రైబస్ కూడా నేర్చుకుంది. సురవరం, గిడుగు, గురజాడ పేర్లతో ఉచిత ఫాంట్లున్నాయి. ఇంకా సాకేమిటి? పీడీఎఫ్ ఉంది కదా అంటారు. అను ఫాంట్లతో చేసిన పీడీఎఫ్ బొమ్మతో సమానం. అందులో ఒక్క మాట వెతకలేం. చూపులేని పాఠకుడికి స్క్రీన్ రీడర్ దాన్ని చదివి వినిపించలేదు. ఫోన్లో అక్షరం పెద్దది చేస్తే పేజీ పక్కకి జరుగుతుంది తప్ప వాక్యం సర్దుకోదు.

దీనివల్ల పోయేదేమిటో మా బొగ్గుబావుల దగ్గర బాగా కనబడుతుంది. ఐదొందల కాపీలు వేసి, బంధువులకీ యూనియన్ ఆఫీసుకీ పంచిన పుస్తకానికి రెండో ముద్రణ ఉండదు. దాని అసలు ఫైలు బొగ్గు దుమ్ము తాగిన ఏదో ఒక హార్డ్ డిస్కులో ఉంటుంది. తట్టాచెమ్మస్, బదిలీ ఫిల్లర్, మస్టరు లాంటి మాటలు భూగర్భంలో పనిచేసినవాడి వాక్యంలో ఎలా పలికాయో ఆ ఫైల్లోనే ఉంది. ఏఐకి మన యాస రాదని హైదరాబాద్‌లో కూర్చుని నవ్వుకుంటున్నాం. ఎక్కడ చదివి నేర్చుకుంటుంది? మనం చదవనిచ్చామా?

నా తోటి ఇంజినీర్లు ఇంకోలా మాట్లాడతారు. "ఈ కాలంలో డ్యూయల్ బూట్ ఏంట్రా, వర్చువల్ మెషీన్ పెట్టు, ఫైళ్ళన్నీ కన్వర్టర్లో వేసెయ్" అని. కన్వర్టర్లున్నాయి, ఔత్సాహికులు కష్టపడి చేసినవి. కానీ మార్చిన పేజీలో వత్తులు అక్కడక్కడా చెదురుతాయి. మార్చడం యంత్రం పని, దిద్దడం తెలుగు తెలిసిన మనిషి పని. ఆ మనిషి షాపులో కూర్చున్న అన్నే. ఏ అక్షరం ఏ మీటలో ఉందో అతని వేళ్ళకి తెలుసు. ఆ దిద్దుబాటుకు పేజీకింత అని కట్టిచ్చే ప్రచురణకర్త గానీ, అకాడమీ గానీ ముందుకొస్తే అతని పొట్టా నిండుతుంది, పుస్తకాలూ దక్కుతాయి. పాత మెషీన్ ఎందుకు వదలవని అతన్ని నిలదీసే హక్కు అప్పటిదాకా ఎవరికీ లేదు.

డ్యూయల్ బూట్ అంటే ఇల్లు మారేటప్పుడు రెండిళ్ళకీ అద్దె కట్టడం. సామాను చేరేదాకా తప్పదు, తప్పు కూడా కాదు. కానీ మనం ఏళ్ళుగా రెండు అద్దెలూ కడుతూ, సామాను మాత్రం పాత ఇంట్లోనే వదిలేశాం.

కాబట్టి ఇది చదువుతున్నవాళ్ళలో పుస్తకం అచ్చుకిచ్చే వాళ్ళకి ఒక మాట. పీడీఎఫ్ చేతికిచ్చి పంపేస్తే ఊరుకోకండి. చివరి ప్రూఫులో దిద్దినవన్నీ ఎక్కించిన యూనికోడ్ ఫైలు అడిగి తీసుకోండి. ఒప్పందంలోనే రాయించండి. ఇవ్వలేమంటే, ఎందుకివ్వలేరో కాగితం మీద రాసిమ్మనండి.