ఆ వెయ్యి ఎవరి కంచంలోకి?

నిజామాబాద్, బోధన్ వాడల్లో చాట ముందేసుకుని బీడీలు చుట్టే అక్కచెల్లెళ్లు దగ్గొస్తే ‘పొగాకు ఘాటు’ అని ఊరుకుంటారు. రెండు వారాలు దాటితే మాత్రం కళ్లె పరీక్ష చేయించుకోవాల్సిందే.

క్షయ క్రిమి ఊపిరితిత్తుల్లో చేరగానే రక్షక కణాలు దాన్ని చుట్టుముట్టి గోడ కట్టేస్తాయి. చాలామందిలో అది జీవితాంతం అక్కడే బందీ. తిండి తగ్గినా, షుగరు ముదిరినా ఆ గోడ బలహీనపడుతుంది. (బోధన్‌లో షుగరంటే ఒకప్పుడు ఫ్యాక్టరీ; 2015లో అది మూతపడింది. మిగిలింది జబ్బే!)

జార్ఖండ్‌లో రోగుల ఇంట్లోవాళ్లకు అదనపు ఆహారం ఇస్తే, వాళ్లలో కొత్తగా క్షయ రావడం దాదాపు 40 శాతం తగ్గిందని 2023లో తేలింది. మనదేశంలో చికిత్స సాగినన్నాళ్లూ రోగికిచ్చే పోషణ సాయాన్ని 2024 నవంబరులో నెలకు 500 నుంచి 1,000 రూపాయలు చేశారు. మంచిదే. కానీ అందరూ తిన్నాక అడుగున మిగిలిందే ఇల్లాలు తినే ఇళ్లలో, ఆ డబ్బుతో కొన్న గుడ్డు ఎవరికి వడ్డిస్తున్నారు? మందుబిళ్లలు లెక్కపెట్టే సిబ్బంది ఆ మాట కూడా అడగొద్దా?