పెరిగే వరుసకు చోటు

కోల్‌కతాకు ఉత్తరాన, బారానగర్‌లో బి.టి. రోడ్డు ప్రక్కన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఉన్నది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 1941లో అక్కడికి చేరిన సి.ఆర్. రావు గారి మూలంగా ఆ సంస్థ పేరు తెలుగు పాఠకులకు కొత్త కాదు. మన దేశానికి వచ్చిన తొలి కంప్యూటరు దిగినది కూడా అక్కడే. 1955లో బ్రిటన్ నుండి తెప్పించిన ఆ హెచ్.ఇ.సి.-2ఎం యంత్రానికి గిరగిర తిరిగే డ్రమ్మే మెమరీ. అందులో గదులు 1024, గదికి 24 బిట్లు. వెరసి మూడు కిలోబైట్లు. ఈ వ్యాసాన్ని నేటి పద్ధతిలో అందులో దాచబోతే మూడవ వంతు కూడా పట్టదు. అంత ఇరుకులో పనిచేసేవారికి ఏ అంకె ఏ గదిలో ఉండవలెనో ముందే లెక్క చూచుకొనక తప్పేది కాదు.

నేడు మెమరీకి కొదువ లేదు. అయినా "ముందుగా ఎన్ని గదులు అడగాలి?" అన్న ప్రశ్న పోలేదు. 'సి' భాష నేర్చుకుంటున్న మన ఉద్యోగుల పిల్లలకు అది 'అర్రే' అనే పాఠంలో ఎదురవుతుంది. (పేరు ఆశ్చర్యార్థకంలా వినిపించినా వస్తువు సాదాసీదాదే.) అర్రే అంటే సందు లేకుండా ప్రక్కప్రక్కనే ఉన్న గదుల వరుస. మొదటి గది చిరునామా తెలిస్తే చాలు, నాలుగు వందలవ గది ఎక్కడున్నదో ఒక గుణకారం, ఒక కూడికతో తేలిపోతుంది. దాని బలమంతా అక్కడే ఉన్నది; చిక్కూ అక్కడే ఉన్నది.

ఒక కర్మాగారపు జీతాల పట్టికకు 500 పేర్ల అర్రే వ్రాశారనుకుందాము. 501వ ఉద్యోగి చేరాడు. 'సి' భాష తనంతట తాను అభ్యంతరం చెప్పదు. ఆ పేరు ప్రక్కనున్న మరేదో సమాచారం మీద పడుతుంది. ప్రోగ్రాము అక్కడికక్కడే ఆగిపోతే అదృష్టమే. ఆగకుండా నడిచి, వేరొకరి జీతం తప్పుగా అచ్చయితే ఆ నెల వారి ఇంటి సంగతేమిటి?

అందుచేత పెరిగే అర్రేను కట్టుకోవాలి. దానికి మూడు విషయాలు గుర్తుంచుకుంటే చాలు: గదుల వరుస ఎక్కడ మొదలవుతున్నది, ఎన్ని గదులున్నవి, అందులో ఎన్ని నిండినవి. నిండినవీ ఉన్నవీ సమానమైతే పెద్ద వరుసను అడిగి, పాత సరుకును అందులోకి నకలు చేసి, పాత చోటును తిరిగి అప్పగించాలి. మన టౌన్‌షిప్పు క్వార్టర్ల వంటిదే ఈ వ్యవహారం. కుటుంబం పెరిగినంత మాత్రాన ప్రక్కింటి గోడ పగులగొట్టలేము. పెద్ద క్వార్టరుకు మారవలసిందే. మారిన తరువాత పాత చిరునామాకు వ్రాసిన ఉత్తరం మరొకరి చేతిలో పడుతుంది. వరుస మధ్యలోని ఏదో ఒక గది చిరునామాను వేరొకచోట దాచుకున్న ప్రోగ్రాముకు పట్టే గతి అదే. చిరునామాకు బదులు గది సంఖ్యను దాచుకొనడం క్షేమం.

ఇక అసలు ప్రశ్న: ఎంత పెద్ద వరుసను అడగాలి? చోటు నిండినప్పుడల్లా మరో వంద గదులు చాలునని పొదుపరులంటారు. 100 గదులతో మొదలుపెట్టి లక్ష పేర్ల దాకా లెక్క కడదాము. మొదటిసారి 100 నకళ్ళు, తరువాత 200, తరువాత 300... చివరిసారి 99,900. మొత్తం 4,99,50,000 నకళ్ళు! అట్లుగాక ప్రతిసారీ వరుసను రెట్టింపు చేస్తే? 100, 200, 400 నుండి 51,200 వరకు పది మార్పిళ్ళు. మొత్తం 1,02,300 నకళ్ళు మాత్రమే. అదే లక్ష పేర్లు, ఒకచోట సుమారు ఐదు కోట్ల మోతలు, ఇంకొకచోట లక్ష పైచిల్లర.

ఏదో ఒక్క పేరు చేర్చేటప్పుడు 51,200 నకళ్ళు పడతాయన్నది నిజమే. ఆ ఖర్చును అన్ని పేర్లకూ పంచితే తలకు ఒకటి పైన పడుతుంది, అంతే. పెద్ద యంత్రం ఖరీదును ఏండ్ల తరబడి పంచి వ్రాసే మన అకౌంట్స్ విభాగం వారికి ఈ ఆలోచన కొత్తగా తోచదు. కంప్యూటరు శాస్త్రంలో దీనికి 'అమోర్టైజ్డ్' విశ్లేషణ అన్న పేరును 1985లో రాబర్ట్ టార్జాన్ తన పత్రంతో స్థిరపరచినప్పుడు ఆ మాటను తెచ్చుకున్నది లెక్కల పద్దుల నుండే.

రెట్టింపుతో సగం దాకా గదులు ఖాళీగా పడి ఉండవచ్చు. అందుకే జావా వారి అర్రేలిస్ట్ సగం చొప్పున మాత్రమే పెరుగుతుంది. పైథాన్ లిస్ట్ ఇంకా పొదుపుగా, సుమారు ఎనిమిదవ వంతు చొప్పున. పెరుగుదల నిష్పత్తిగా ఉన్నంతవరకు ఎవరి బేరం వారిది. ఇటువంటివి తయారుగా దొరుకుతుండగా స్వయంగా వ్రాయడమెందుకని అడిగేవారున్నారు. ఉద్యోగంలో తయారైనదే వాడండి. చదువుకొనేటప్పుడు మాత్రం ఒక్కసారైనా చేత్తో కట్టి చూడాలన్నది మా అభిప్రాయం.

కట్టేవారికి రెండు హెచ్చరికలు. రీఅలాక్ పిలుపు విఫలమైతే శూన్యం తిరిగి వస్తుంది. దానిని నేరుగా పాత చిరునామా మీద వ్రాస్తే ఉన్న సరుకుకు దారి పోతుంది. వేరే పేరులో పట్టుకొని, పరీక్షించి, ఆపైన మార్చండి. ఇక పేర్లు తగ్గినప్పుడు సగం ఖాళీ కాగానే వరుసను కుదించకండి. ఆ అంచున ఒక పేరు పోతూ, ఒక పేరు వస్తూ ఉంటే ప్రతిసారీ ఇల్లు మారవలసి వస్తుంది. నాలుగవ వంతుకు తగ్గేదాకా ఆగి, అప్పుడు సగానికి కుదించాలి.

100 గదులతో మొదలై సగం చొప్పున పెరిగే వరుసలో లక్ష పేర్లకు ఎన్ని నకళ్ళు పడతాయో విద్యార్థులు లెక్కించి మాకు వ్రాయగలరు. సమాధానం వచ్చే సంచికలో.