పందులు కంపెనీవి, పెంట రైతుది

కేరీ, మోరిస్‌విల్‌లో ఉండే మనవాళ్ళు బీచ్‌కి వెళ్ళాలంటే ఐ-40 ఎక్కి విల్మింగ్టన్ పోవాల్సిందే. దారిలో శాంప్సన్, డూప్లిన్ కౌంటీలొస్తాయి. అక్కడ కారు అద్దం దించితే చాలు, అవి దేనికి పేరుపడ్డాయో ముక్కే చెప్తుంది! నార్త్ కరోలినాలో సుమారు 80 లక్షల పందులుంటే, ఎక్కువ భాగం ఆ చుట్టుపక్కలే. వాటి పెంటంతా షెడ్ల పక్కన తవ్విన గుంటల్లోకి పోతుంది. ఆ గుంటకి "లాగూన్" అని ముద్దుపేరు. ఆ నీళ్ళనే పొలాల మీద చిమ్ముతారు.

ఆ నీళ్ళమీద డక్‌వీడ్ పెంచొచ్చని అక్కడి స్టేట్ యూనివర్సిటీలో జే చెంగ్, ఆన్-మేరీ స్టాంప్ చూపించారు. మన చెరువుల్లోనూ పచ్చటి చుక్కల్లా తేలుతుంటుందే, ఆ జాతే. మురుగులోని నత్రజని, భాస్వరం తిని, వాతావరణం కలిసొస్తే రెండు మూడు రోజుల్లో రెట్టింపవుతుంది. బలమైన నీళ్ళలో పెరిగితే దాంట్లో ప్రొటీన్ ఎక్కువ, అంటే దాణా. తీసి మామూలు నీళ్ళలో కొన్నాళ్ళు పస్తుపెడితే పిండిపదార్థం పేరుకుంటుంది, అంటే ఇథనాల్. ఎకరానికి మొక్కజొన్న కన్నా ఐదారు రెట్లు పిండిపదార్థం వస్తుందని 2009లో చెప్పారు.

మరి ఎందుకు పాకలేదు? తడి డక్‌వీడ్‌లో తొంభై శాతం పైనే నీళ్ళు. ఎత్తాలి, ఆరబెట్టాలి, మొయ్యాలి. చలికాలంలో ఎదుగుదల మందం. గుంట తవ్వి వదిలేయడం కన్నా ఏదైనా ఖరీదే కదా.

నా అభ్యంతరం అక్కడే. గుంట చవక అని ఎవరి లెక్కలో? 1999లో ఫ్లాయిడ్, 2018లో ఫ్లోరెన్స్ తుఫాన్లకి గుంటలు పొంగి మురుగు వరదలో కలిసింది. ఏడాది పొడుగునా కంపు భరించేది ఇరుగుపొరుగు, వాళ్ళలో చాలామంది నల్లజాతి పేదలు. 2007లో కొత్త గుంటల్ని శాశ్వతంగా నిషేధించారు, పాతవి మాత్రం ఉండిపోయాయి. మెరుగైన పద్ధతులు పాత ఫారాలకి గిట్టవన్నారు. ఫిక్స్ ఖరీదని టికెట్ క్లోజ్ చేసి, యూజర్‌నే సర్దుకోమన్నట్టుంది!

ఇంకో తిరకాసు. కాంట్రాక్టు ప్రకారం పందులు కంపెనీవి. షెడ్డు, అప్పు, పెంట రైతువి. అప్పుల్లో ఉన్న రైతు డక్‌వీడ్ చెరువుకి డబ్బెక్కణ్ణించి తెస్తాడు? మాంసం ఎవరిదో మురుగూ వాళ్ళదే అని చట్టం చేస్తే, కంపెనీయే చవకైన దారి వెతుక్కుంటుంది. అది డక్‌వీడే కానక్కర్లేదు కూడా. ఈ లెక్క మారకుండా మొక్కల మీద ఎన్ని పరిశోధనలు చేసినా ల్యాబ్ దాటవని నా నమ్మకం. మీరేమంటారు?