చేతులు ఖాళీగా ఉంటే ఎవరికి భయం?

కిందటేడు ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక మా ఊరి సంఘంలో స్త్రీల కూడిక పెట్టారు. ఫోన్లలో ఆటల గురించి గంటసేపు వాక్యం చెప్పిన పాస్టరుగారు చివర్లో, ఆ శోధనలో పడినవాళ్ళు ఎవరైనా ఉంటే లేచి నిలబడి ప్రార్థన చేయించుకోమన్నారు. నలభై మంది ఆడవాళ్ళలో మొట్టమొదట లేచింది మా పెద్దమ్మ. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. పెదనాన్న పోయాక రాత్రుళ్ళు నిద్ర పట్టక మనవడి చేత ఫోన్లో క్యాండీ క్రష్ వేయించుకుంది. ఒకే రంగు బిళ్ళల్ని మూడేసి చొప్పున చేరిస్తే అవి మాయమైపోతుంటాయి, అంతే ఆట. ఆమె అందులో డబ్బు పెట్టింది లేదు, ఎవరినీ చంపేది లేదు. ఏడొందల చిల్లర మెట్లు దాటింది. ఆ సంగతి నాకు చెప్పినప్పుడు ఆమె గొంతులో పలికిన గర్వం నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. ఆ పెద్దమ్మే అందరి ముందూ ఏడ్చి, క్షమాపణ అడిగి, ఇంటికొచ్చి మనవడి చేతే ఆట తీసేయించింది.

అదే రోజు సాయంత్రం సంఘ యువకుల క్రికెట్ పోటీ ఫైనల్. గెలిచిన జట్టుకు కప్పు ఇచ్చింది పాస్టరుగారే. క్రీడలు దేహాన్ని, సహవాసాన్ని బలపరుస్తాయని మైకులో చెప్పారు. మైదానం పక్కన బల్లేసుకుని మజ్జిగ గ్లాసులు అందించింది మాత్రం పొద్దున పశ్చాత్తాపపడిన ఆడవాళ్ళు!

ఆ తర్వాత కొన్నాళ్ళకు యౌవన స్త్రీల సదస్సులో "సమయ సద్వినియోగం" మీద మాట్లాడమని నన్నే పిలిచారు, సాహిత్యంలో డాక్టరేటు చేసిన మన సంఘం అమ్మాయి కదా అని. పది నిమిషాలు మాట్లాడానో లేదో "టైమైపోయింది సిస్టర్" అని చీటీ అందించారు. అక్కడ మిగిలిపోయిన మాటలే ఇవి.

క్రైస్తవులందరూ ఆటల విషయంలో ఒక్కటే అని నేననడం లేదు. కతోలిక గుళ్ళ పండుగల్లో తంబోలా ఆడతారు, లాటరీ టిక్కెట్లు అమ్ముతారు. మా వైపు ప్రొటెస్టెంటు సంఘాల్లో అదే పని చేస్తే వెలివేసినంత పని చేస్తారు. సినిమా, నవల, ముగ్గు, కోలాటం, పేకముక్క, ఇప్పుడు ఫోను. "లోక సంబంధమైనవి" అనే పెట్టెలో పడే వస్తువులు తరం తరానికీ మారుతూ వచ్చాయి. మారనిదల్లా ఒకటే. ఈ పెట్టె ముందు నిలబడి జవాబు చెప్పుకోవలసి వచ్చేది ఎక్కువగా ఆడవాళ్ళే. ఆట పాపమా కాదా అనేది ఇక్కడ అసలు ప్రశ్న కానేకాదని నాకనిపిస్తుంది. ఆడదాని చేతిలో ఉన్న ఒక గంట ఎవరిది? అదీ ప్రశ్న.

పేకాట మాటేమిటని అడుగుతారు. అడగాల్సిందే. మా అమ్మమ్మ పేకముక్కలంటే మండిపడేదంటే అది దొరసానులు నేర్పిన భక్తి మాత్రమే కాదు. తాతయ్య తోబుట్టువుల్లో ఒకాయన ఎకరంన్నర పొలాన్ని పేకలో పోగొట్టాడు, ఆయన భార్య కూలికి పోయింది. తాగుడునీ జూదాన్నీ సంఘం గట్టిగా అడ్డుకున్నచోట ఆడవాళ్ళ కంచంలోకి నాలుగు మెతుకులు ఎక్కువ వచ్చాయన్నది నేను కాదనను. ఆన్‌లైన్ రమ్మీ అప్పులతో ఉరేసుకున్న మగవాళ్ళ భార్యల ముఖాలు పేపర్లలో చూశాం. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో దాన్ని నిషేధించాయి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద 2025లో కేంద్రమే చట్టం తెచ్చింది. కానీ ఆ కుటుంబాలను కూల్చింది ఆటా? ఇంట్లో ఉన్న ప్రతి రూపాయి మీదా మగవాడికి ఉన్న ఏకపక్షమైన హక్కా? ఆ హక్కు మీద వాక్యం చెప్పిన పాస్టరుగారిని నేనింతవరకూ చూడలేదు. రమ్మీని చూపించి పెద్దమ్మ క్యాండీ క్రష్‌ను తీసేయించడం సులువు. రమ్మీ ఆడేవాళ్ళు ఆ కూడికకు రారు కదా.

ఈ తగవు చాలా పాతది. ఇంగ్లండు రాజు మొదటి జేమ్స్ 1618లో ఒక ప్రకటన చేశాడు. చరిత్రలో దానికి "ఆటల పుస్తకం" అని పేరు. ఆదివారం ప్రార్థన అయ్యాక ప్రజలు ఆడుకోవచ్చు, ప్యూరిటన్లు అడ్డుపడరాదు అని దాని సారాంశం. 1633లో మొదటి చార్లెస్ దాన్ని మళ్ళీ వెలువరించాడు. ప్యూరిటన్లకు అది ఎంత కంటగింపయిందంటే 1643లో పార్లమెంటు దాన్ని తగలబెట్టించింది. ఆ రాజాజ్ఞలో ఏ ఆటలు ఎవరికి ఇచ్చారో చూడండి. నాట్యం ఆడా మగా ఇద్దరికీ. విలువిద్య మగవాళ్ళకు. మరి ప్రత్యేకించి ఆడవాళ్ళకిచ్చిన స్వేచ్ఛ ఏమిటి? గుడిని అలంకరించడానికి తుంగ మోసుకుపోవచ్చునట! చదివినప్పుడు లైబ్రరీలో గట్టిగా నవ్వేశాను. పక్కన కూర్చున్నవాళ్ళు అటు తిరిగి చూశారు. నాలుగు వందల ఏళ్ళ కిందట ప్యూరిటన్లను ధిక్కరించి ఆటను సమర్థించిన రాజు కూడా ఆడవాళ్ళ ఆట అనగానే గుడి ఊడ్చి అలంకరించే పనినే ఊహించగలిగాడు. మా సంఘంలో శనివారం మధ్యాహ్నాలు బలిపీఠం మీదికి పూలు సర్దేది ఎవరు? దాన్ని ఎవరూ పని అనరు, ఆడవాళ్ళకు సరదా అంటారు.

మగవాళ్ళ ఆటకు మాత్రం కాలక్రమేణా పరిశుద్ధత దొరికింది. బాస్కెట్‌బాల్‌ను 1891లో, వాలీబాల్‌ను 1895లో కనిపెట్టింది అమెరికాలో వైఎంసీఏ మనుషులే. దృఢమైన దేహంలో దృఢమైన విశ్వాసం అనే సిద్ధాంతంతో ఆట నేరుగా పరిచర్యలో భాగమైపోయింది. మన ఊళ్ళ మిషను స్కూళ్ళ మైదానాలు ఆ వారసత్వమే. వాటిని నేను తప్పుపట్టడం లేదు, దళిత కుర్రాళ్ళకు అడుగుపెట్టనిచ్చిన మైదానాలు చాలాచోట్ల అవే. కానీ ఆ మైదానంలో అమ్మాయిలం మేం ప్రార్థనకు వరసగా నిలబడ్డాం తప్ప ఆడింది తక్కువ.

ఇక ఇప్పుడు ఫోను ఆటల్లో దెయ్యాలున్నాయని చెబుతున్న మాటలకు కూడా పూర్వకథ ఉంది. 1974లో అమెరికాలో "డంజన్స్ అండ్ డ్రాగన్స్" అనే ఆట వచ్చింది. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర ఎత్తుకుని, పాచికలు వేస్తూ ఒక కథను కలిసి చెప్పుకుంటారు. మంత్రగాళ్ళూ రాక్షసులూ ఉంటారు కనుక అది సైతాను ఆట అని సువార్తిక సంఘాల్లో గగ్గోలు మొదలైంది. 1982లో ఒక కుర్రాడు ఆత్మహత్య చేసుకుంటే, ఆ తల్లి తన దుఃఖానికి కారణం ఆ ఆటేనని నమ్మి మరుసటేడు దాని మీద ఉద్యమమే నడిపింది. కొడుకు పోయిన తల్లిని నేను ఎగతాళి చెయ్యను. నాకు కోపం వచ్చేది 1984లో జాక్ చిక్ అనే కరపత్రాల కార్టూనిస్టు వేసిన "డార్క్ డంజన్స్" మీద. ఆ రోజుల్లో ఆ ఆట ఆడేవాళ్ళలో అత్యధికులు మగపిల్లలు. కరపత్రంలో మాత్రం ఆట నడిపేది ఆడది, మోసపోయేది ఆడపిల్ల, చనిపోయేది ఆడపిల్ల, చివరికి ఏడ్చి పశ్చాత్తాపపడేదీ ఆడపిల్లే! మగపిల్లల ఆటకు పాపపు ముఖం గీయవలసి వచ్చేసరికి ఆ చేతికి ఆడముఖమే వచ్చింది. మా కూడికలో మగవాళ్ళెవరూ లేకపోవడానికీ దీనికీ పెద్ద తేడా లేదు.

ఇదంతా ఎక్కడో ఇంగ్లండు, అమెరికా గొడవ అనుకుంటారేమో, మన నరసాపురానికి రండి.

పందొమ్మిదో శతాబ్దంలో గోదావరి డెల్టాకు వచ్చిన మిషనరీ కుటుంబాల ఆడవాళ్ళు, కొత్తగా క్రైస్తవంలోకి వచ్చిన పేద స్త్రీలకు లేసు అల్లడం నేర్పారు. సదుద్దేశమే, కాదనం. నాలుగు డబ్బులొస్తాయి, ఇంటి పట్టున ఉంటారు, చేతులు ఖాళీగా ఉండవు. ఖాళీ చేతులు సైతాను పనిముట్లనే నమ్మకం విక్టోరియా కాలపు ప్రతి సూదిలోనూ ఉంది. క్రమంగా ఆ పని కులాల గీతలు దాటి, గడప దాటకూడని కాపు ఇళ్ళ స్త్రీల దాకా వెళ్ళింది. మారియా మీస్ అనే జర్మన్ స్త్రీవాద పరిశోధకురాలు ఇక్కడికొచ్చి, ఈ ఆడవాళ్ళ మధ్య తిరిగి, 1982లో నరసాపురం లేసు అల్లేవాళ్ళ మీద పుస్తకం ప్రచురించింది. మనలో చాలామంది దాన్ని శ్రమ విభజన పాఠంగా చదివాం. దాన్నిప్పుడు తీరిక చరిత్రగా కూడా చదవమంటాను. ఇంటి చాకిరీ మొత్తం చేసుకున్నాక రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు మీద కూర్చునే ఆ స్త్రీలకు దక్కింది కూలి పనికి వెళ్ళే ఆడవాళ్ళ కూలికన్నా ఎంతో తక్కువ. ఎగుమతి లాభాలు దళారులకూ వ్యాపారులకూ వెళ్ళాయి. దీనికి వ్యాపారులు చెప్పిన సమర్థన ఏమిటి? వాళ్ళు గృహిణులు, తీరిక వేళల్లో కాలక్షేపానికి అల్లుకుంటారు, అది పని కాదు!

ఆడవాళ్ళ హాబీ అంటే అదన్నమాట. దాన్ని ఎగుమతి చెయ్యొచ్చు, యూరపులో డైనింగు టేబుళ్ళ మీద పరచొచ్చు. అల్లినదాని చేతికి డబ్బు ఇవ్వవలసి వచ్చినప్పుడు మాత్రం అది కాలక్షేపం. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కిందని అందరం సంతోషించాం. గుర్తింపు ఊరికీ లేసుకూ వచ్చింది, సూది పట్టినామె ఇంకా ముక్కకింతని లెక్క కట్టించుకుంటోంది.

మా అమ్మది ఆ ప్రాంతమే. పెళ్ళికి ముందు అద్దె పుస్తకాల షాపు నుంచి యద్దనపూడి నవలలు తెచ్చి దిండు గలీబులో దాచుకుని చదివేది. మా తాతయ్య సంఘంలో పెద్ద. "సెక్రటరీ" ఆయన కంటబడింది. నీళ్ళ కాగు కింద పొయ్యిలో పెట్టాడు. షాపువాడికి కట్టాల్సిన పుస్తకం డబ్బు అమ్మ లేసు అల్లి తీర్చింది. ఈ సంగతి ఆమె నవ్వుతూ చెబుతుంది, నాకెప్పుడూ నవ్వు రాలేదు. చదువుతూ కూర్చున్న గంట పాపం, అల్లుతూ కూర్చున్న గంట పుణ్యం. రెండింటిలోనూ కూర్చుంది ఒకే మనిషి, ఒకే అరుగు మీద.

మార్త మరియల కథ మీద ఎన్ని ప్రసంగాలు విన్నానో లెక్కలేదు. పని ఆపి యేసు పాదాల దగ్గర కూర్చున్న మరియనే ఆయన సమర్థించాడని అందరూ చెబుతారు. ఆమెను లేపి వంటింట్లోకి పంపమని మార్త అడిగితే ఆయన పంపలేదు. ప్రసంగం అయిపోగానే, ప్రేమ విందుకు ఉల్లిపాయలు తరగడానికి చర్చి వెనకాల మాకందరికీ మార్తలుగా పిలుపొస్తుంది.

నన్ను మరీ బాధపెట్టేది, సెలవు విలువ మనవాళ్ళకు తెలియకపోవడం కాదు. ఒంగోలు ప్రాంతంలో క్లౌ దొర చేతుల మీదుగా మాదిగలు వేలల్లో బాప్తిస్మం తీసుకున్నప్పుడు, 1878లో ఒక్క రోజులోనే 2,222 మంది తీసుకున్నప్పుడు, వాళ్ళు పాటించవలసిన నియమాల్లో మొదటి వరసలో ఉన్నది ఆదివారం పని చెయ్యకపోవడం. భూస్వామి పిలిచినా పోను, ఈ రోజు నాది అని ఒక వెట్టి మనిషి అనడం ఎంత పెద్ద తిరుగుబాటో ఆలోచించండి. ఆ మాట అన్నందుకు దెబ్బలు తిన్నవాళ్ళ వారసులం. పొలానికి సెలవొచ్చింది. పొయ్యికి రాలేదు. ఆదివారం వస్తే మా ఇళ్ళలో ఆడవాళ్ళకు రెట్టింపు పని, మాంసం కూర వండాలి కదా. దొర ముందు సెలవు హక్కుని గెలుచుకున్నవాళ్ళం, ఆ హక్కుని ఇంట్లో ఆడవాళ్ళకు ఇవ్వడానికి నూట యాభై ఏళ్ళుగా జాగు చేస్తున్నాం.

చర్చిని ఇంతగా తిడుతున్నాను గానీ మనం మాత్రం తక్కువ తిన్నామా? సీరియళ్ళు చూసే ఆడవాళ్ళ మీద మన సభల్లో పేలే జోకులు గుర్తు తెచ్చుకోండి. తీరిక దొరికితే స్త్రీ ఏం చెయ్యాలి? చైతన్యవంతం కావాలి, చదవాలి, రాయాలి. నా పరిశోధన అయ్యాక మూడు నెలలు నేనేమీ రాయకుండా స్నేహితురాలితో అష్టాచెమ్మా ఆడుతూ గడిపితే, పర్యవేక్షకురాలైన మేడమ్ ఆప్యాయంగానే మందలించారు. ఆవిడ గొంతులో నాకు తాతయ్య వినిపించాడు. పుస్తకం చేతిలో పెట్టినా లేసు సూది చేతిలో పెట్టినా, ఆ చేతిని ఊరికే ఉండనివ్వకపోవడం ఒకటే కదా! దేనికీ పనికిరాని, ఏమీ ఉత్పత్తి చెయ్యని, ఎవరికీ లెక్క చెప్పనక్కర్లేని ఒక గంటను నేను అడుగుతున్నాను. ఆ గంటలో ఎవరైనా ప్రార్థన చేసుకుంటే చేసుకోనీ, రంగు బిళ్ళలు పేల్చుకుంటే పేల్చుకోనీ.

మొన్న రాత్రి పదకొండున్నరకు పెద్దమ్మ ఫోన్ చేసింది. నిద్ర రావడం లేదంది. మోకాళ్ళ నొప్పుల గురించి, కోడలి గురించి చెప్పింది. చివరికి గొంతు తగ్గించి అడిగింది.

"అది కాదమ్మాయ్, ఆ ఆట మళ్ళీ వేస్తే ఆపిన చోటినుంచి వస్తదా, మొదటికొస్తదా?"

ఖాతా పెట్టకుండా ఆడితే మొదటికే వస్తుంది పెద్దమ్మా అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. "ఏడొందలు దాటానే" అంది. తర్వాత, "సరే, ఆదివారం వస్తావుగా, అప్పుడు వెయ్యి" అని పెట్టేసింది.