తీరిక ఎవరికి ఉంది?

ఆ మధ్య ఒక ఆదివారం భీమవరంలో జరిగిన హస్తకళల ప్రదర్శనకు వెళ్లాను. స్వయం సహాయక సంఘాల స్త్రీలు స్టాళ్లు పెట్టారు. పూతరేకులు, పచ్చళ్లు, కలంకారీ బట్టలు, ఏటికొప్పాక బొమ్మలు. ఒక పక్కంతా నర్సాపురం లేసు: టేబుల్ క్లాతులు, దిండు గలీబులు, పిల్లల గౌన్లు. రోజంతా తిరిగినా విసుగనిపించలేదు. ఆడవాళ్లు తమ చేతిపనిని తామే అమ్ముకుని, డబ్బులు తామే లెక్కపెట్టుకోవడం చూస్తే సంతోషంగానే ఉంటుంది.

ఒక టేబుల్ క్లాత్ నచ్చింది. ఎనిమిది వందలు చెప్పిందావిడ. అలవాటుకొద్దీ "ఆరొందలకు ఇవ్వరా?" అన్నాను. ఆవిడ నవ్వి, "తీసుకోండమ్మా. ఖాళీగా ఉన్నప్పుడు అల్లుకునేదే కదండీ" అంది.

ఆ మాటతో బేరం మానేశాను. ఆ ఖాళీ ఎంతో చెప్పమన్నాను. ఇద్దరం వేళ్లమీద లెక్కేశాం. వంట, అంట్లు, గేదెల పని అయ్యాక మధ్యాహ్నం రెండు గంటలు, రాత్రి అందరి భోజనాలూ అయ్యాక రెండు గంటలు. అలా 12 రోజులు. అంటే 48 గంటలు. దారానికి 200 పోను మిగిలేది 600 రూపాయలు. గంటకు పన్నెండున్నర. ఎనిమిది గంటల పనికి వంద రూపాయలు! 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. నేనడిగిన ధరకే ఇచ్చి ఉంటే ఆవిడకు గంటకు ఎనిమిది రూపాయల చిల్లర మిగిలేది. ఇది ఏజెంటు లేకుండా సొంతంగా అమ్ముకున్న రోజు లెక్క. ఏజెంటు దగ్గర దారం తీసుకుని అల్లితే ఇంత కూడా రాదని ఆవిడే చెప్పింది.

ఈ "ఖాళీ సమయం" అన్న మాట వెనక చాలా చరిత్ర ఉంది. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఈ అల్లిక, 1970లలో పెద్ద ఎగుమతి వ్యాపారమైంది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఆ దశాబ్దం చివర నర్సాపురం ప్రాంతంలో పరిశోధన చేసి, 1982లో పుస్తకం ప్రచురించింది. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లే స్త్రీలను వ్యాపారులు కార్మికులుగా కాక, తీరిక వేళ గడుపుకునే గృహిణులుగా లెక్కగట్టారని ఆమె చూపింది. అందుకే వాళ్లకు వ్యవసాయ కూలి స్త్రీల కనీస వేతనం కూడా దక్కలేదు. ఎంత పేదరికంలో ఉన్నా గడప దాటకపోవడమే పరువనుకున్న కుటుంబాల స్త్రీలు, పొలం పనికి వెళ్లే దళిత స్త్రీలకంటే తక్కువ సంపాదించారు. కులమూ పితృస్వామ్యమూ చేతులు కలిపితే వ్యాపారికి ఎంత చవగ్గా శ్రమ దొరుకుతుందో ఇంతకంటే ఏం ఉదాహరణ కావాలి?

మన ఇళ్లలో పాత చీరలతో బొంతలు కుట్టేవాళ్లు. బొంతకు ఎవరూ ధర కట్టలేదు. అది ఇంటికోసం, పిల్లలకోసం. లేసు అలాంటిది కాదు, అమ్మకానికే అల్లుతారు. అయినా బొంతను చూసిన కంటితోనే దాన్నీ చూస్తున్నాం. ఆడవాళ్ల చేతిలో సూది కనిపిస్తే చాలు, అది పని కాదు, కాలక్షేపం!

2024లో నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే. అయితే ఆ గుర్తింపు లేసు పేరును కాపాడుతుంది గాని, అల్లిన చేతికి కూలి ఇప్పించదు. ఇంట్లో ఉండి పనిచేసేవారిని కార్మికులుగా గుర్తించే 177వ ఒప్పందాన్ని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లోనే ఆమోదించింది. 'సేవా' వంటి సంఘాలు దానికోసం ఎంతో పోరాడాయి. మన దేశం ఇప్పటికీ దాన్ని ధ్రువీకరించలేదు. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లో పీసు పనికి కూడా కనీస రేటు నిర్ణయించే వీలుంది. లేసు పనికి ఆ రేటు నిర్ణయించమని మనం అడగాలి. నిర్ణయించే చోట అల్లేవాళ్లు కూర్చోవాలి.

ఈలోగా ప్రదర్శనలు పెట్టేవాళ్లు ఒక చిన్న పని చేయవచ్చు. ప్రతి వస్తువు మీదా ధరతోపాటు, దానికి పట్టిన గంటలు కూడా రాయించాలి. 48 గంటలని కళ్లెదుట కనిపిస్తే బేరమాడడానికి నోరు రాదు.

నేను ఎనిమిది వందలూ ఇచ్చి ఆ క్లాత్ తెచ్చుకున్నాను. అందులో ఔదార్యమేమీ లేదు. లెక్క ప్రకారం నేనింకా ఆవిడకు బాకీ ఉన్నాను.