ఓడలు లేని నౌకాదళము

ఓడ లొక్కటియు లేని నౌకాదళము కలదనిన మన విద్యార్థులు నవ్వుదురేమో. కాని అది కల్పన కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1943 మే నెలలో, అమెరికావారు తమ నౌకాసైన్యమునందు పదవ దళమను పేర నొక దళమును స్థాపించిరి. దానికి సొంత నౌకలు లేవు. అట్లాంటిక్ సముద్రమునందు జర్మనుల జలాంతర్గాములు ఎచ్చటెచ్చట పొంచియున్నవో సమాచారము కూర్చి, పరిశీలించి, తక్కిన నౌకలకు తెలుపుటయే దాని పని. 1945లో దానిని రద్దుచేసిరి. అదే పేరుతో 2010 జనవరిలో మరల నిలిపిరి. ఈ పర్యాయమును దానికి ఓడలు లేవు. మేరీలాండు రాష్ట్రమునందలి ఫోర్ట్ మీడ్ అను స్థావరమున నుండి, నౌకాదళపు కంప్యూటరు వ్యవస్థలను శత్రువుల బారినుండి కాపాడుట దాని ముఖ్యవిధులలో నొకటి.

ఇట్టి దళ మెందుకు కావలసివచ్చినది? నేటి యుద్ధనౌకను ఊహించుకొనుడు. దాని యంత్రములు, రాడార్లు, క్షిపణులు, తుదకు వంటశాల బియ్యపు లెక్కయు కంప్యూటర్లమీదనే నడచును. 1997 సెప్టెంబరులో ‘యార్క్‌టౌన్’ అను అమెరికా యుద్ధనౌక వర్జీనియా తీరమునకు దాపున నిశ్చలముగా నిలిచిపోయినది. ఏ శత్రువును ఫిరంగి పేల్చలేదు. కంప్యూటరులో ఒక గడియందు ఎవరో సున్న నమోదుచేసిరి. యంత్రము ఆ సున్నతో భాగింపబోయి చెడినది. ఆ చేటు ఒక కంప్యూటరునుండి మరియొకదానికి ప్రాకి, నౌకను నడుపు వ్యవస్థ యంతయు స్తంభించినది. సున్నతో భాగింపరాదని మన ఎనిమిదవ తరగతి పిల్లవాడైనను చెప్పును. పొరపాటే ఇంత చేసినప్పుడు, పగవాడు బుద్ధిపూర్వకముగా చేసిన నెంతటి ముప్పో వేరుగ చెప్పనక్కరలేదు.

నా అభిప్రాయమునకు మూలమైన ఉదంతము 2008వ సంవత్సరమునాటిది. సైనిక రహస్యములుండు కంప్యూటర్లను లోకమంతట వ్యాపించిన ఇంటర్నెట్టుతో కలుపరు. రెంటికి నడుమ తీగ లేదు కనుక శత్రువు రాలేడని అందరి నమ్మకము. కాని మధ్యప్రాచ్యమునందలి అమెరికా స్థావర మొకదానిలో ఎవరో ఒక పెన్‌డ్రైవును సైనిక కంప్యూటరులో గ్రుచ్చిరి. బొటనవ్రేలంతటి ఆ వస్తువులో నొక దొంగ ప్రోగ్రాము దాగియున్నది. అది కంప్యూటరులో చొరబడి, ఆపిమ్మట అందులో గ్రుచ్చిన ప్రతి పెన్‌డ్రైవులోనికి తన ప్రతిని వ్రాసికొనుచు, రహస్య వ్యవస్థలలోనికిని ప్రవేశించినది. తీగ లేకున్నను మనుష్యుని జేబే తీగ యైనది! దానిని ఏరివేయుటకు సంవత్సరమునకు పైగా పట్టినది. ఆ నవంబరులో సైన్యమంతట పెన్‌డ్రైవులను నిషేధించిరి. 2010 ఫిబ్రవరిలో కొన్ని కట్టుబాట్లతో సడలించిరి. సైబరు రక్షణకై ప్రత్యేక సేనాధిపత్యమును నెలకొల్పుటకు ఈ సంఘటనయే ముఖ్యప్రేరణ.

2013లో మరియొకటి జరిగినది. అమెరికా నౌకాదళమువారి కంప్యూటరు వ్యవస్థలో ఇరానువారు చొరబడిరని అధికారులు వెల్లడించిరి. వారు వచ్చిన దారి రహస్యద్వారము కాదు, సామాన్యప్రజలు చూచుట కుద్దేశించిన వెబ్‌సైటులోని లోపము. వారిని పూర్తిగా వెడలగొట్టుటకు నాలుగు నెలలు పట్టినవని వార్తలు వచ్చినవి.

ఇవి దూరదేశపు కథలని త్రోసిపుచ్చరాదు. మన తూర్పు నౌకాదళమునకు ప్రధానస్థానము విశాఖపట్టణము. 2019 డిసెంబరులో విశాఖ, ముంబై, మన కర్ణాటకమునందలి కార్వారు స్థావరములకు చెందిన ఏడుగురు నావికులను ఆంధ్రప్రదేశ్ పోలీసులు నిర్బంధించిరి. ఫేస్‌బుక్కులో స్త్రీల పేర్లతో పరిచయము చేసికొన్నవారికి నౌకల సంచారమును తెలిపిరని ఆరోపణ. ఆ నెలలోనే నౌకాదళమువారు స్థావరములందును, ఓడలపైనను స్మార్టుఫోనులను నిషేధించిరి. ఇందు తాళము పగులగొట్టుటకు ఏ గణితమును అవసరము కాలేదు. తీయని మాటలు చాలినవి.

నిషేధము తప్పని నేననను. ధనాశకు లోబడి తెలిసియే రహస్యము నమ్మువానికి కట్టడియే మందు. కాని తెలియక చేయువారు అంతకంటె నెక్కువమంది యని నా నమ్మకము. పెన్‌డ్రైవు గ్రుచ్చినవాడు దేశద్రోహి యని నేను భావింపను. పని త్వరగా ముగించుకొనవలెనని యుండును. అట్టివానికి ‘చేయరాదు’ అను ఆజ్ఞ యొక్కటియే ఇచ్చిన, అధికారి కన్ను మరలగానే చేయును. ఎందుకు చేయరాదో వానికి బోధపడవలెను. అట్లు బోధపడుట వాడు ఆలోచించు భాషలో చెప్పినప్పుడే సులభము.

ఇది మనకు, అనగా పరరాష్ట్రమున తెలుగు చదువుకొను వారికి, మిక్కిలి దగ్గరి విషయము. మన పిల్లవాడు ఇంట తెలుగు, వీధిలో కన్నడము మాటలాడును. ఉద్యోగమున చేరిన పిదప ఆంగ్లమున ఆజ్ఞలు చదువును. చదివి సంతకము చేయును. గ్రహించెనా లేదా యని ఎవరు విచారింతురు? నేను కొంతకాలము పనిచేసిన ఒక పాఠశాలలో కంప్యూటరు గది సంకేతపదమును గోడమీద సుద్దతో వ్రాసియుంచిరి. దాని క్రిందనే, ఇతరులకు చెప్పరాదను ఆంగ్లసూచన అంటించియున్నది! చూచి నవ్వుకొంటిమి గాని, ఆ రెంటికి గల విరోధమును పిల్లలలో నొక్కరును గుర్తింపలేదు. తప్పు పిల్లలది కాదు.

కావున ఈ శాస్త్రమును తెలుగులో బోధింపవలెనని నా మనవి. అట్లని ప్రతి మాటకును సంస్కృతసమాసము కూర్పనక్కరలేదు. ఫైర్‌వాల్ అను దానిని ‘అగ్నికుడ్యము’ అన్న పుస్తక మొకటి నా కంటబడినది. అది చదివిన బాలిక, కంప్యూటరులో మంట యెక్కడనుండి వచ్చునని నన్ను ప్రశ్నించినది. మాటను ఫైర్‌వాల్ అనియే యుంచి, వచ్చు సమాచారమును గుమ్మమువద్ద నిలిపి, నియమములకు లోబడినదానినే లోనికి విడుచు కావలి యని పనిని తెలుగులో చెప్పిన చాలును. పెన్‌డ్రైవు, పాస్‌వర్డు మన అవ్వలకును తెలిసిన మాటలే.

తలిదండ్రులు ఇంతమాత్రము చేయవచ్చును. సెలవుపై వచ్చిన సైనికుడైన కుమారుని, ఏ ఓడలో నున్నావు, ఎప్పుడు బయలుదేరుదువు అని ఫోనులో నలుగురు వినునట్లు అడుగకుండుట. వాని చిత్రమును నౌక పేరుతోసహా వాట్సాపులో పంచకుండుట. ప్రేమచేత చేయు పనియే యైనను, శత్రువు ఏరుకొనునది ఇట్టి చిల్లరయే.

విద్యార్థులకు మరియొక ముచ్చట. దిక్కు తెలుపు ఉపగ్రహసంకేతములను శత్రువు చెరుపవచ్చునను భయముచేత, అమెరికా నౌకాదళ విద్యాలయమువారు తాము మానివేసిన నక్షత్రపాఠములను 2015లో మరల ప్రారంభించిరి. అన్నాపోలిస్ నగరమున యువనావికులు సెక్స్‌టాంటు చేతబట్టి, ధ్రువనక్షత్రపు ఎత్తును కొలిచి, తామున్న చోటు కాగితముపై లెక్కగట్టుట నేర్చిరి. ఆ లెక్కకు కావలసిన త్రికోణమితి మన పదవ తరగతి పుస్తకముతోనే మొదలగుచున్నది.