శరీర విజ్ఞానము: కణములలోని పొయ్యి

మధ్యాహ్నము కాకమునుపే నీరసము వచ్చి, నాలుగు మెట్లెక్కిన ఆయాసపడు స్త్రీని చూచి ఇంటివారు సోమరితన మనుట పరిపాటి. ఆ మాట ఎంత అన్యాయమో తెలియవలెనన్న, మనము ఊపిరి యెందుకు పీల్చుచున్నామో మొదట తెలియవలెను.

శ్వాసమనగా ఊపిరితిత్తుల పనియే యనుకొందుము. అవి ద్వారములు మాత్రమే. అసలు శ్వాసక్రియ కణములలో జరుగును. మనము తిన్న అన్నము గ్లూకోజు అను చక్కెరగా మారి కణమును జేరును. కణమునందలి మైటోకాండ్రియా అను సూక్ష్మభాగములలో ప్రాణవాయువు సాయమున అది దగ్ధమై, బొగ్గుపులుసు వాయువును, నీటిని విడుచును. పొయ్యిలోని పుల్లవలె ఒక్కమారు భగ్గున మండినచో కణము నిలువదు. కావున అంచెలంచెలుగా దగ్ధమగును. (ఎర్ర రక్తకణములకు మైటోకాండ్రియా లేదు. అవి ప్రాణవాయువును మోయునే గాని తాము వాడుకొనవు!)

ఇట్లు వెలువడిన శక్తిని కణము ఏ.టి.పి. అను పదార్థమున నిలుపుకొనును. ఇది రోజువారీ వెచ్చములకు కొంగున ముడివేసికొన్న చిల్లరవంటిది. గుండె కొట్టుకొనుటకును, బిందె యెత్తుటకును ఈ చిల్లరయే వ్యయమగును. దీనిని 1929లో అమెరికాయందలి హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కే గారితో కలసి కనుగొన్నవారు 1895లో మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అదే యేట జర్మనీలో లోమన్ గారును వేరుగా కనుగొనిరి. సుబ్బారావు గారి పేరు మన పిల్లలలో పెక్కురకు తెలియకుండుట విచారకరము.

ఒక గ్లూకోజు అణువు ప్రాణవాయువుతో దగ్ధమైన సుమారు 30 ఏ.టి.పి. అణువులు లభించును, అది లేనిచో 2 మాత్రమే. ప్రాణవాయువును కణములకు చేర్చునది రక్తమందలి హిమోగ్లోబిను. దానికి ఇనుము కావలెను. మైటోకాండ్రియాలోని కొన్ని పనిముట్లకును ఇనుమే కావలెను. ఇనుము తరిగిన కొలది పొయ్యి మందగించును. నీరసము మనస్సున గాక కణములలోనే పుట్టును. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. ఇందరును సోమరులా?

సోదరీమణులారా, నీరసము విడువనిచో రక్తపరీక్ష చేయించుకొనుడు. గర్భవతి కాని స్త్రీకి డెసిలీటరు రక్తమున హిమోగ్లోబిను 12 గ్రాములకు తగ్గరాదు. రక్తహీనతకు వేరు కారణములును గలవు గాన వైద్యుని సలహా యవసరము. బెల్లపు ముక్కతో ఈ లోటు తీరదు. పప్పులోను ఆకుకూరలోను నిమ్మరసము పిండుకొన్న, అందలి ఇనుము బాగుగా ఒంటబట్టును. భోజనముతోడనే కాఫీ, టీలు త్రాగిన అంతగా పట్టదు. గంట సేపు ఆగుట మేలు. వైద్యు లిచ్చిన ఇనుపమాత్రలు వాడునపుడు మలము నల్లబడుట సహజము. అందులకు బెదరి మానివేయకుడు.